ఆదిలో కనబడని హంసపాదు

విశ్వానికి హద్దు ఉందా, లేదా? ఆకాశం గురించి రాసిన గ్రంథంలో ఈ ప్రశ్నలోకి దిగబోతూ గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ గుమ్మంలోనే ఆగి ఒక హెచ్చరిక చేస్తాడు. మొదట్లో సత్యం నుంచి ఇసుమంత పక్కకు జరిగితే చాలు, పోనుపోనూ ఆ తేడా వెయ్యింతలవుతుందంటాడు. కారణం కూడా చెబుతాడు. మూలం చూడ్డానికి చిన్నదే, దాని శక్తి మాత్రం పెద్దది. అందుకే మొదట్లో గింజంత ఉన్నది చివరికి కొండంత అవుతుంది.

ఇది చదవగానే మనకు ‘ఆదిలోనే హంసపాదు’ గుర్తొస్తుంది. కానీ రెండూ ఒకటి కావు. రాతప్రతిలో అక్షరం జారిపోతే లేఖకుడు ఆ చోట హంస పాదంలాంటి గుర్తు పెట్టి, జారిన అక్షరాన్ని పైన రాసేవాడు. అంటే హంసపాదు కంటికి కనబడుతుంది, తప్పు ఇదిగో ఇక్కడని వేలు పెట్టి చూపిస్తుంది. అరిస్టాటిల్ భయమంతా గుర్తు పడని తప్పు గురించే. మొదటి పంక్తి నున్నగా, నిర్దోషంగా కనిపిస్తుంది. నూరో పంక్తికి వచ్చాక ఎక్కడో తేడా కొడుతుంది. అప్పుడు వెనక్కి వెళ్లి వెతికితే తొంభైతొమ్మిది పంక్తులూ సరిగ్గానే ఉంటాయి.

మూలసూత్రానికి గ్రీకులు వాడిన మాట ‘ఆర్కే’. దానికి మొదలు అని ఒక అర్థం, ఏలుబడి అని ఇంకో అర్థం. ఏథెన్స్‌లో పాలనాధికారిని ‘ఆర్కాన్’ అనేవారు. మొదట వచ్చి కూర్చున్నదే చివరిదాకా ఏలుతుందన్న సంగతి ఆ మాటలోనే ఉంది.

గ్రీకు తత్వవేత్తలు చివరికి తేల్చిన సంగతులు చూసి నవ్వుకోవడం తేలిక. అంతా నీరే అన్నాడొకడు, కదలికే లేదన్నాడొకడు, మంచు నల్లగా ఉంటుందన్నాడు మరొకడు. నవ్వే ముందు వాళ్లు ఎక్కడ బయల్దేరారో చూడాలి. చాలాసార్లు ఆ మొదటి వాక్యానికి మనమూ తలూపుతాం. తలూపాక మన చెయ్యి వాళ్ల చేతిలో ఉన్నట్టే.

క్రీ.పూ. 6వ శతాబ్దంలో, ఇప్పటి టర్కీ పడమటి తీరాన ఉన్న మిలేటస్ రేవుపట్నంలో కథ మొదలవుతుంది. థేల్స్ అన్నిటికీ మూలం నీరన్నాడు, భూమి నీటి మీద దుంగలా తేలుతోందన్నాడు. మరి ఆ నీటిని మోసేదెవరని అరిస్టాటిల్ తర్వాత అడిగాడు, న్యాయమైన ప్రశ్నే. అదే ఊరివాడైన అనాక్సిమాండర్ మోసేవాడే అక్కర్లేదన్నాడు. ఆయన లెక్కలో భూమి రాతి స్తంభంలోంచి తీసిన గుండ్రటి దిమ్మెలా ఉంటుంది. చుట్టూ ఉన్న అన్నిటికీ సమాన దూరంలో ఉంది. ఇటే ఎందుకు పడాలి, అటెందుకు పడకూడదు? ఏ వైపు పడడానికీ ప్రత్యేక కారణం లేదు కాబట్టి ఏ వైపూ పడదు.

‘ఇటే ఎందుకు, అటెందుకు కాదు?’ ఈ చిన్న ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. నా దృష్టిలో నీరు, గాలి, నిప్పు అంటూ మనం పరీక్షల కోసం బట్టీపట్టిన మూలాల కన్నా గ్రీకు ఆలోచనను ఎక్కువగా ఏలిన ఆర్కే ఇదే. దీన్నెవరూ సూత్రంగా ప్రకటించలేదు. అందరూ వాడేశారు.

తర్వాతి తరాల్లో దాన్ని అందుకున్నవాడు దక్షిణ ఇటలీ తీరంలోని ఎలియా ఊరివాడు పార్మెనిడీస్. ఆయన తత్వాన్ని పద్యంగా రాశాడు. గుర్రాల రథమెక్కి వెళ్లిన యువకుడికి ఒక దేవత రెండు దారులు చూపిస్తుంది. ఒకటి ‘ఉంది’ అనే దారి, రెండోది ‘లేదు’ అనే దారి. రెండో దారిలో అడుగే పెట్టలేవంటుంది, ఎందుకంటే లేనిదాన్ని తెలుసుకోలేం, మాటల్లో పెట్టలేం. దీంతో పేచీ ఏముంది? లేనిదాని గురించి ఏం ఆలోచిస్తాం? తలూపేశాం.

ఇప్పుడు రాత్రి తోడేసిన పాలగిన్నె మూత తీద్దాం. నిన్న రాత్రి పెరుగు లేదు. ఇవాళ పొద్దున ఉంది. లేనిది వచ్చింది. ఎక్కణ్ణుంచి? ఉన్నదాన్నుంచి వచ్చిందంటే అది ముందే ఉన్నట్టు, కొత్తగా పుట్టిందేమీ లేదు. లేనిదాన్నుంచి వచ్చిందంటే, ‘లేనిది’ అన్న మాటే ఎత్తకూడదని ఇందాకే ఒప్పుకున్నాం. పైగా పార్మెనిడీస్ ఇంకో ప్రశ్న వేస్తాడు. ఏమీ లేనిదాన్నుంచి ఏదైనా పుట్టేటట్టయితే, ఆ వేళకే ఎందుకు పుట్టాలి? ముందో వెనకో ఎందుకు కాకూడదు? అనాక్సిమాండర్ దగ్గర భూమిని నిలబెట్టిన ప్రశ్నే ఇక్కడ పుట్టుకనే ఆపేసింది. పుట్టుక లేకపోతే చావు లేదు, మార్పు లేదు. ఉన్నది ఒక్కటే, కదలదు, చక్కగా గుండ్రంగా ఉన్న బంతిలా అన్ని వైపులా సమానం. మరి మనం తింటున్న పెరుగు? అది మనుషుల అభిప్రాయం, అంతే.

మన సాంఖ్య దర్శనం వాళ్లకూ ఈ పాలూ పెరుగూ ఇష్టమైన ఉదాహరణే. కార్యం కారణంలో ముందే ఉంటుందని వాళ్ల వాదం. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని ఇక్కడ పంచాయితీ పెట్టక్కర్లేదు. ఒకే ప్రశ్నను గట్టిగా పట్టుకుంటే ఎక్కడి మనుషులైనా ఇంచుమించు ఒకే సందులోకి వచ్చి చేరతారు.

పార్మెనిడీస్ వారసుల్లో మెలిస్సస్ చిత్రమైనవాడు. సేమోస్ ద్వీపవాసి, నౌకాదళ నాయకుడు, క్రీ.పూ. 441 ప్రాంతంలో ఏథెన్స్ నౌకల్ని ఓడించాడు. ఓడలు నడిపి గెలిచిన ఈ మనిషే కదలిక లేదని వాదించాడు. ఏదైనా కదలాలంటే జరగడానికి ఖాళీ ఉండాలి, ఖాళీ అంటే ఏమీ లేకపోవడం, ఏమీ లేనిది ఉండదు, కాబట్టి కదలిక లేదు. ఈయన మీద అరిస్టాటిల్ విసిరిన చురక నాకు భలే ఇష్టం. ఒక్క అసంబద్ధం ఒప్పుకుంటే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి, అందులో కష్టమేముంది, అంటాడు.

ఇక్కడిదాకా వచ్చాక గ్రీకుల ముందు రెండు మార్గాలున్నాయి. ఆ నిర్ధారణ మింగుడుపడకపోతే మూలసూత్రాన్ని పారేయాలి, లేదా సూత్రాన్ని ఉంచుకుని పక్కన ఇంకో వాక్యం చేర్చాలి. పార్మెనిడీస్ తర్వాత ముగ్గురు రెండోదే చేశారు. ఏమీ లేనిదాన్నుంచి ఏదీ పుట్టదన్న మాటను ముగ్గురూ ముట్టుకోలేదు. చేర్చిన రెండో వాక్యం మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కొక్కటి, దాంతో ముగ్గురికీ మూడు ప్రపంచాలు వచ్చాయి.

సిసిలీవాడైన ఎంపిడోక్లీస్ ఉన్నది ఒకటి కాదు, నాలుగన్నాడు. భూమి, నీరు, గాలి, నిప్పు. ఇవి పుట్టవు, చావవు, కలుస్తాయి, విడిపోతాయి. కలిపేది ప్రేమ, విడదీసేది వైరం. చిత్రకారుడు నాలుగు రంగులు కలిపి చెట్టూ పిట్టా మనిషీ గీసినట్టే ప్రపంచం. ‘పుట్టుక’ అన్నది జనం పెట్టుకున్న పేరు మాత్రమే. పాలు తోడుకోవడం ఆయన పద్యాల్లోనే ఉంది. అంజూర చెట్టు పాలు పోస్తే తెల్లటి పాలు బిగిసి గడ్డకట్టిన తీరును ఆయన పోలికగా వాడాడు.

అనాక్సగోరస్‌కి నాలుగు సరిపోలేదు. వెంట్రుక కానిదాన్నుంచి వెంట్రుక ఎలా వస్తుంది, మాంసం కానిదాన్నుంచి మాంసం ఎలా వస్తుంది అన్నది ఆయన పట్టు. మనం తినేది రొట్టె, దాంతోనే వెంట్రుకా ఎముకా రక్తమూ పెరుగుతున్నాయి. కాబట్టి ఇవన్నీ రొట్టెలో ముందే ఉండి తీరాలి. ఒక్క రొట్టెలోనే కాదు, అన్నిట్లోనూ అన్నీ ఉన్నాయి. ఎంత చిన్న ముక్క తీసుకున్నా అందులోనూ అన్నీ ఉండాలి కాబట్టి అతి చిన్న ముక్క అనేదే ఉండదు, దానికన్నా చిన్నది ఎప్పుడూ ఉంటుంది. మంచు నల్లన అన్నవాడు ఈయనే. మంచు గడ్డకట్టిన నీరే కదా, నీరు నల్లన, కాబట్టి మంచూ నల్లనేనట. కళ్లకు తెల్లగా కనిపిస్తోందంటే కళ్ల మాట వినొద్దంటాడు.

మూడోదారి ఉత్తర గ్రీసులోని అబ్దెరా ఊరివాడైన డెమోక్రిటస్‌ది, ఆయన గురువు లూసిప్పస్‌ది. కథ ఇక్కడే మంచి మలుపు తిరుగుతుంది. మెలిస్సస్ ఒకచోట ఎదుటివాళ్లను వెక్కిరిస్తూ, ఒకవేళ ఉన్నవి అనేకమైతే, ఆ ఒక్కొక్కటీ నేను చెప్పిన ఆ ‘ఒకటి’లాగే ఉండాలి, అంటాడు. అది జరగని పని అని చెప్పడమే ఆయన ఉద్దేశం. పరమాణువాదులైన ఈ గురుశిష్యులు ఆ వెక్కిరింతనే ముడిసరుకుగా వాడుకున్నట్టుంటుంది వ్యవహారం. సరే, అనేకం ఉన్నాయి, ఒక్కొక్కటీ పుట్టదు, చావదు, మారదు, ముక్కలవదు. పార్మెనిడీస్ బంతిని పిండి చేసి లెక్కలేనన్ని చిన్న బంతులు చేశారన్నమాట. అవి కదలడానికి చోటు కావాలి కాబట్టి పార్మెనిడీస్ మూసేసిన దారినే తెరిచారు. ఉన్నది ఎంత నిజమో, లేనిదీ అంతే నిజం. ఆ లేనిదాని పేరే శూన్యం. మరి పరమాణువుల ఆకారాలు ఎన్ని? లెక్కలేనన్ని. ఎందుకంటే ఈ ఆకారమే ఎందుకు ఉండాలి, ఆ ఆకారం ఎందుకు ఉండకూడదు? చూశారా, మళ్లీ ఆ ప్రశ్నే.

వీళ్ల లెక్కలో పాలు పెరుగవడం అంటే అవే పరమాణువులు వరస మార్చుకోవడం. ఈ సంగతిని అరిస్టాటిల్ గ్రీకు అక్షరాలతో వివరిస్తాడు. తెలుగులో అయితే ‘తల’, ‘లత’ చూడండి. అవే రెండు అక్షరాలు, వరస మారింది, అర్థం మొత్తం మారిపోయింది. అదే అక్షరమాలతో విషాద నాటకమూ రాయొచ్చు, హాస్య నాటకమూ రాయొచ్చు. కొత్త అక్షరమేదీ పుట్టక్కర్లేదు.

ఇంత హాయైన పరిష్కారానికి చెల్లించాల్సిన ధర ఒకటుంది. పరమాణువుకు ఆకారం, పరిమాణం ఉన్నాయి గానీ రుచి లేదు. పెరుగు పులుపు పెరుగులో లేదు. వాడుకలో తీపి, వాడుకలో చేదు, నిజానికి ఉన్నవి పరమాణువులు, శూన్యం, అన్నాడు డెమోక్రిటస్. ధర ఎంతో ఆయనకు బాగా తెలుసు. ఇంద్రియాలు బుద్ధితో పోట్లాడే ఒక సన్నివేశాన్ని ఆయనే రాశాడు. ‘ఓసి దిక్కుమాలిన బుద్ధీ, ఆధారాలు మా దగ్గర తీసుకుని మమ్మల్నే కూలదోస్తావా? మేం కూలితే నువ్వూ కూలినట్టే’ అంటాయవి. సొంత సిద్ధాంతానికి ఇంత పదునైన అభ్యంతరాన్ని తనే రాసి పెట్టిన తత్వవేత్తలు అరుదు.

ముక్కలవని ముక్క ఎందుకు ఉండాలి? వస్తువును కోయగలిగిన ప్రతి చోటా కోసేశామనుకోండి. మిగిలేవి పరిమాణమున్న ముక్కలైతే కోత ఇంకా పూర్తవలేదు. పరిమాణం లేని చుక్కలైతే, సున్నాలు ఎన్ని కలిపినా సున్నాయే, వాటితో వస్తువు తయారవదు. కాబట్టి కోత ఎక్కడో ఆగాలి. ఈ వాదన మొదటిసారి చదివినప్పుడు ఇక తిరుగులేదనుకున్నాను.

మొదట చెప్పిన ఆ హెచ్చరికకు అరిస్టాటిల్ ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా ఇదే. అతి చిన్న పరిమాణం ఒకటుందని ఎవరైనా అంటే, ఆ చిన్నదాంతో గణితంలోని అతి పెద్ద సత్యాలు కదిలిపోతాయంటాడు. ఎలా కదులుతాయో ఆయన అక్కడ విడమరచలేదు. మనం ఒక చతురస్రం గీసి చూద్దాం. కోయలేని ఆ చిన్న పొడవును గింజ అందాం. భుజంలో కొన్ని గింజలుంటాయి, కర్ణంలో కొన్ని గింజలుంటాయి, అర గింజ ఉండదు. కర్ణం మీద గీసిన చతురస్రం అసలు చతురస్రానికి రెట్టింపు. అంటే కర్ణం గింజల సంఖ్య వర్గం, భుజం గింజల వర్గానికి రెట్టింపు. రెట్టింపైనది సరిసంఖ్యే. వర్గం సరిసంఖ్య అయితే కర్ణం గింజలూ సరిసంఖ్యే. సరిసంఖ్య వర్గాన్ని నాలుగు నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి, అందులో సగమైన భుజవర్గం కూడా సరిసంఖ్యే, భుజం గింజలూ సరిసంఖ్యే. రెండూ సరి కాబట్టి రెండిటినీ సగం చేయండి. ఆ సగాలకూ ఇదే తర్కం వర్తిస్తుంది, మళ్లీ సగం, మళ్లీ సగం. ఏ సంఖ్యనైనా ఇలా ఎన్నిసార్లు సగం చేయగలం? ఎక్కడో ఒకచోట బేసిసంఖ్య తగిలి తీరుతుంది. కాబట్టి గింజ లేదు. గింజ ఉండాలంటే కర్ణం లెక్క తప్పవ్వాలి.

పరమాణువు కోతకు లొంగనిదని చెప్పినంత మాత్రాన, స్థలానికి కూడా గింజలున్నాయని డెమోక్రిటస్ అన్నట్టేనా అన్నదాని మీద పండితుల్లో వాదం ఉంది. కానీ ఇబ్బంది ఎక్కడుందో ఆయన పసిగట్టాడు. ముల్లంగిని చక్రాలుగా తరుగుతున్నప్పుడల్లా నాకు గ్రీకు రచయిత ప్లూటార్క్ భద్రపరిచిన డెమోక్రిటస్ ప్రశ్న గుర్తొస్తుంది. శంకువును అడుగుకు సమాంతరంగా కోస్తే, కోతకు ఇటూ అటూ ఉన్న రెండు ముఖాలు సమానమా, కాదా? సమానమైతే ప్రతి కోత దగ్గరా సమానమే, అప్పుడది శంకువు కాదు, స్థూపం. కాకపోతే శంకువు నున్నగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది.

ఇంతకీ మొదలు సరైందని తెలిసేదెలా? అన్నీ ఒకదానితో ఒకటి పొసిగితే చాలదా? చాలదని గట్టిగా చెప్పినవాడు ప్లేటో. ‘క్రాటిలస్’ సంభాషణలో క్రాటిలస్, భాషలోని మాటలన్నీ ఒకే దిక్కును చూపుతున్నాయి కాబట్టి వాటిని పెట్టినవాడు సత్యం తెలిసినవాడే అయ్యుండాలంటాడు. సోక్రటీస్ ఒప్పుకోడు. రేఖాపటాల్లో మొదట కంటికి ఆనని చిన్న తప్పు దొర్లితే, తర్వాతవన్నీ ఆ తప్పును అనుసరిస్తూనే ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతాయంటాడు. చుక్కల ముగ్గు వేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రెండో వరసలో ఒక చుక్క ఇసుమంత పక్కకు పడితే, మిగతా వరసలన్నీ దాన్నే చూసుకుని జరుగుతాయి. గీతలన్నీ కలుస్తాయి, ఒక్క మెలికా తెగదు. వెనక్కి జరిగి నిలబడి చూస్తే తప్ప ముగ్గు వంకర తిరిగిందని తెలియదు.

జ్యామితి పండితుల మీద కూడా ప్లేటోకి ఇదే ఫిర్యాదు. సరి, బేసి, మూడు రకాల కోణాలు అంటూ మొదలుపెట్టి, ఇవి అందరికీ తెలిసినవేగా అని సంజాయిషీ ఇవ్వకుండా ముందుకు పోతారు. మొదలు తెలియకుండా, మధ్యా చివరా ఆ తెలియనిదానితోనే నేసినప్పుడు, అవన్నీ పొసిగినంత మాత్రాన జ్ఞానం ఎలా అవుతుంది? మొదళ్లకు మొదలైనదాన్ని, ఇంక దేని మీదా ఆధారపడనిదాన్ని చేరేదాకా పైకెక్కాలన్నది ఆయన జవాబు. ఆ మెట్లెక్కి చూపించాడా అంటే, నా మటుకు లేదనే చెప్పాలి.

శిష్యుడు అరిస్టాటిల్ నేల మీది మనిషి. ప్రతిదానికీ రుజువు అడుగుతూ పోతే ఆ అడగడానికి అంతుండదు, లేదా తిరిగి తిరిగి మొదటికే వస్తాం. కాబట్టి కొన్నిటిని రుజువు లేకుండానే పట్టుకోవాలి. ఒకే విషయం ఒకేసారి అవునూ కాదూ కాలేదన్నది అలాంటిది. దాన్ని కాదనేవాణ్ణి రుజువుతో ఓడించలేం, కానీ ఏదో ఒక అర్థమున్న మాట అనమంటే చాలు, అన్నాడంటే ఆ సూత్రాన్ని వాడేసినట్టే. అననంటావా, నీకూ మొక్కకూ తేడా లేదు. అయినా తెల్లారి లేచి బావిలోకి నడిచి వెళ్లడేం, అని కూడా అడుగుతాడు. పడడమూ పడకపోవడమూ ఒకటేనని ఆ మనిషి నిజంగా అనుకోవడం లేదన్నమాట.

ప్రకృతి విషయంలో మాత్రం ఆయన మూలసూత్రాలు కళ్ల ముందున్నవే. రాయి వదిలితే కిందికి పడుతుంది. మంట పైకి లేస్తుంది. నక్షత్రాలు గుండ్రంగా తిరుగుతాయి. మూడూ ఎవరైనా చూసి ఒప్పుకునేవే. వీటికి ఒక్క వాక్యం కలిపాడు. ప్రతి సాదా పదార్థానికీ తనదైన సహజ కదలిక ఒకటుంటుంది. అంతే, చక్రాలు తిరగడం మొదలైంది. మట్టిది కిందికి, నిప్పుది పైకి, మరి గుండ్రంగా తిరిగేది వీటిలో ఏదీ కాదు కాబట్టి ఆకాశంలో ఐదో పదార్థం ఉండాలి. కింద, పైన అనేవి వ్యతిరేకాలు, వలయానికి వ్యతిరేక కదలిక లేదు. వ్యతిరేకం లేనిదానికి పుట్టుకా నాశనమూ లేవు. కాబట్టి ఆకాశం మారదు. ఇంకో లోకం ఉంటే అక్కడి మట్టి కూడా మన కేంద్రానికే పరిగెత్తాలి, కాబట్టి లోకం ఒక్కటే.

ఆకాశం మారదంటే తోకచుక్కల సంగతేమిటి? అవి వస్తాయి, పోతాయి. కాబట్టి అవి ఆకాశంలో లేవు, చంద్రుడికి ఇవతల గాలిలోనే మండుతున్నాయి. తోకచుక్కను వాతావరణ వ్యవహారాల పుస్తకంలో పెట్టింది అందుకే. 1577లో వచ్చిన తోకచుక్క ఎంత దూరంలో ఉందో ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ కొలిచి చూసి, అది చంద్రుడికన్నా చాలా అవతల ఉందని తేల్చేదాకా, దాదాపు 1900 ఏళ్లపాటు ఆ ఏలుబడి సాగింది. ఆకాశంలోనివన్నీ వలయంలోనే తిరగాలన్న నమ్మకం ఇంకా మొండిది. భూమిని కేంద్రం నుంచి కదిలించిన కోపర్నికస్ 1543లో కూడా వలయాన్ని వదల్లేదు. 1609లో కెప్లర్ అంగారకుడి దారి దీర్ఘవృత్తమని చూపించాకే అది సడలింది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆపేసేది ఆయన భౌతికశాస్త్ర గ్రంథం నాలుగో భాగంలోని ఒక చోటు. అక్కడాయన డెమోక్రిటస్ శూన్యాన్ని ఖండిస్తున్నాడు. శూన్యమే ఉంటే అందులో కదలికలో పడ్డ వస్తువు ఎక్కడ ఆగుతుంది? ఇక్కడే ఎందుకు ఆగాలి, అక్కడెందుకు ఆగకూడదు? ఏ కారణమూ లేదు. కాబట్టి అది కదలకుండా ఉండిపోవాలి, లేదా తనకన్నా బలమైనదేదో అడ్డొచ్చేదాకా అలా పోతూనే ఉండాలి.

1687లో న్యూటన్ ఇంచుమించు ఇదే మాటను తన గ్రంథంలో మొదటి నియమంగా పెట్టాడు. అరిస్టాటిల్‌కి మాత్రం అది వాదన చివర తేలిన అసంబద్ధం. ఇలాంటిది జరగనే జరగదు కాబట్టి శూన్యం లేదని తేల్చి, తర్వాతి వాదనలోకి వెళ్లిపోయాడు.